డాబర్‌మన్ పిల్ల చెవులు కట్ చేయించాలా? ఒక పశువైద్యుడి సమాధానం

మీరు రెండు నెలల డాబర్‌మన్ జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నారు. దాని తోక మీ ఇంటికి వచ్చేసరికే కత్తిరించి ఉంది. అమ్మినాయన చెవులు కూడా పన్నెండో వారం దాటకముందే కట్ చేయించాలని, లేకపోతే చెవుల్లో చీము పడుతుందని, జాతి కళ పోతుందని చెబుతున్నాడు. ఇంతలో మీ సహోద్యోగి ఒకరు చెవులకు కట్లు కట్టిన తమ పిల్ల ఫొటోను ఆన్‌లైన్‌లో పెడితే అపరిచితులు సైతం ఆయనను కసాయివాడని తిట్టి, ఇంటి చిరునామా ఇమ్మని బెదిరించారు. ఇది నిజంగా క్రూరత్వమా, చట్టం ఏమంటుంది, ఆ కోపంలో న్యాయం ఉందా అని మీరు అడిగారు. హైదరాబాదులో చాలా ఏళ్లుగా పెంపుడు కుక్కలకు వైద్యం చేస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. చెవులు కట్ చేయించకండి. ఇక ఆ కోపం న్యాయమైనదే కానీ, అది ఎక్కువసార్లు చేరవలసిన చోటికి చేరడం లేదు.

ముందుగా ఆ శస్త్రచికిత్స ఎలా జరుగుతుందో తెలియాలి, ఎందుకంటే "చిన్న కటింగే సార్" అనే మాట వినివిని చాలామంది దానిని గోళ్లు తీయడం లాంటి పనిగానే ఊహించుకుంటున్నారు. పిల్ల వయసు ఏడు నుంచి పన్నెండు వారాల మధ్య ఉండగా పూర్తి మత్తు ఇచ్చి, చెవి దొప్పలో పెద్ద భాగాన్ని లోపలి మృదులాస్థితో సహా కోసి, అంచు పొడవునా కుట్లు వేస్తారు. అసలు ఇబ్బంది ఆ తరువాత మొదలవుతుంది. మిగిలిన దొప్ప నిటారుగా నిలబడాలంటే దానికి ఊతం పెట్టి, టేపు చుట్టి, కొద్దిరోజులకొకసారి విప్పి మళ్లీ చుడుతూ వారాల తరబడి, కొన్ని పిల్లల విషయంలో నెలల తరబడి కొనసాగించాలి. మన వానాకాలంలో ఆ టేపు కింద చెమ్మ చేరితే పుండు పడుతుంది. ఈగ వాలితే పురుగులు పడతాయి. గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకుపోయి ఒక చెవి నిలబడి రెండోది పక్కకు వాలిపోయిన పిల్లలను మళ్లీ సరిచేయమంటూ నా దగ్గరకు తీసుకువచ్చినవారు ఉన్నారు. అందం కోసం రెండోసారి మత్తు ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

వయసు సంగతి కూడా ఆలోచించండి. సరిగ్గా ఆ వారాల్లోనే పిల్లకు పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల టీకాలు విడతలుగా పడుతుంటాయి, రక్షణ ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. మనుషులను, శబ్దాలను, తోటి కుక్కలను భయం లేకుండా అలవాటు చేసుకోవలసిన కాలం కూడా అదే. ఆ కాలమంతా తలకు కట్లతో, ఎవరు తల దగ్గరకు చేయి చాచినా నొప్పే గుర్తుకు వచ్చేలా గడిపిన కుక్క, పెద్దయ్యాక చెవి పట్టుకోబోతే పళ్లు చూపిస్తే ఆశ్చర్యపడవలసిన పనిలేదు. ఇక ఈ పనిని క్లినిక్‌లో కాకుండా ఇంటికి వచ్చి చేసిపోయేవారు, వైద్య విద్య లేనివారు, మత్తు మోతాదు తూకం చూడకుండా ఇచ్చేవారు మన నగరాల్లో ఉన్నారన్న సంగతి దాచవలసినది కాదు. చిన్న పిల్లల్లో మత్తు వల్ల ఒంటి వేడి, రక్తంలో చక్కెర త్వరగా పడిపోతాయి. వాటిని గమనించే మనిషి, పరికరం లేని చోట పిల్ల మళ్లీ లేవకపోవచ్చు.

ఇప్పుడు అమ్మినాయన చెప్పిన కారణాలు చూద్దాం. చెవిలో చీము అనే వాదన వినడానికి సహేతుకంగానే ఉంటుంది, కానీ శరీర నిర్మాణం దానిని సమర్థించదు. కుక్క చెవి కాలువ కిందికి దిగి లోపలికి మలుపు తిరిగే వంపు గొట్టం. జబ్బు పుట్టేది ఆ గొట్టంలో. పైన దొప్పను కోసినా ఆ గొట్టం ఆకారం మారదు. చెవి జబ్బుతో నా దగ్గరకు వచ్చే కుక్కల్లో అధికభాగానికి మూలకారణం ఒంటి అలర్జీ, లేదా స్నానం చేయించాక తుడవకుండా వదిలేసిన తడి, దాని మీద పెరిగే ఈస్టు. పుట్టుకతోనే నిక్కబొడుచుకున్న చెవులున్న జర్మన్ షెపర్డ్‌లకూ ఈ జబ్బు వస్తుంది. చెవి జబ్బులతో తరచు బాధపడే, వేలాడే చెవుల కాకర్ స్పానియల్ జాతి కుక్క చెవులను మాత్రం ఏ బ్రీడరూ కత్తిరించమని చెప్పడు. ఆరోగ్యమే కారణమైతే మొదలుపెట్టవలసింది అక్కడి నుంచే కదా!

తోక విషయంలో చెప్పే కారణం గాయాల నివారణ. దీని మీద బ్రిటన్‌లో లక్షా ముప్పై ఎనిమిది వేలకు పైగా కుక్కల చికిత్స వివరాలు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తోక గాయంతో వచ్చినవి 0.23 శాతం అని తేలింది. ఒక్క గాయాన్ని నివారించడానికి సుమారు 500 కుక్కల తోకలు కత్తిరించవలసి వస్తుందని ఆ పరిశోధకులే లెక్క కట్టారు. తోకను సాధారణంగా పుట్టిన మూడు నుంచి అయిదు రోజుల్లో, మత్తు లేకుండా, కత్తెరతో గానీ రబ్బరు బ్యాండుతో గానీ తీసేస్తారు. "అంత చిన్న పిల్లకు నొప్పి తెలియదు" అనేది తరతరాలుగా వినిపిస్తున్న మాట. నొప్పిని మోసే నరాలు అప్పటికే పనిచేస్తుంటాయి, నొప్పిని అదుపు చేసే వ్యవస్థే ఇంకా ఎదగలేదు. కాబట్టి ఆ పిల్లకు బాధ తక్కువని అనుకోవడానికి ఆధారం లేదు. కొన్నిటిలో కోసిన చోట నరాల చివరలు గడ్డలా పెరిగి, పెద్దయ్యాక కూడా ముట్టుకుంటే సలుపుతాయి. రోమన్ల కాలంలో తోక తీసేస్తే పిచ్చి రాదని నమ్మేవారు. ఆ నమ్మకం పోయింది, దాని స్థానంలోకి కొత్త కారణాలు వచ్చి చేరాయి.

తోక, చెవులు కుక్కకు మాట్లాడే సాధనాలు కూడా. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక మర కుక్కకు ఒకసారి పొడవు తోక, ఒకసారి పొట్టి తోక తగిలించి పార్కులో నిలబెట్టి చూశారు. పొడవు తోక ఊగుతుంటే తక్కిన కుక్కలు ధైర్యంగా దగ్గరకు వచ్చాయి, అది కదలకుండా నిటారుగా ఉంటే జంకాయి. పొట్టి తోక ఊగుతున్నదా లేదా అన్నది మాత్రం వాటికి పెద్దగా తేడా అనిపించలేదు. గేటెడ్ కమ్యూనిటీలో సాయంత్రం పూట పది కుక్కలు ఎదురయ్యే చోట మీ కుక్క ఉద్దేశం ఎదుటి కుక్కకు అర్థం కావడం చిన్న విషయం కాదు.

జాతి కళ గురించి ఒక్క మాట చాలు. డాబర్‌మన్ జాతి పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో జర్మనీలోని అపోల్డా పట్టణంలో, పన్నులు వసూలు చేసే లూయీ డాబర్‌మన్ చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆ జర్మనీ చెవులు కత్తిరించడాన్ని 1987 నుంచి, తోక కత్తిరించడాన్ని 1998 నుంచి నిషేధించింది. కుక్కల జాతి ప్రమాణాలు ప్రకటించే అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఆ జాతికి ఇప్పుడు పాటిస్తున్న ప్రమాణం చెవులు, తోక సహజంగా ఉండాలనే చెబుతోంది. పుట్టింటివారే వద్దన్నదాన్ని ఇక్కడ మనం జాతి లక్షణమని పట్టుకు కూర్చున్నాం.

చట్టం దగ్గరికి వస్తే కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ విషయంలో రెండు వైపులా తప్పుడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. "ఇండియాలో పూర్తిగా నిషేధం, జైలుకు పంపుతారు" అని ఒకరంటే, "కోర్టు అనుమతించింది" అని మరొకరు అంటారు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. దానిలో 11వ సెక్షన్ ఉపసెక్షన్ 1, క్లాజు ‘ఎల్’ జంతువు అంగాన్ని ఛేదించడాన్ని నేరంగా పేర్కొంటుంది. అదే సెక్షన్‌లో పశువుల కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముద్ర వేయడం, ముక్కుతాడు వేయడం వంటివాటికి, నిర్ణీత పద్ధతిలో చేస్తే, మినహాయింపు ఉంది. కుక్క చెవులు, తోక ఆ జాబితాలో లేవు. పశువైద్యుల వృత్తిని నియంత్రించే భారత పశువైద్య మండలి 2011లో అందం కోసం చేసే ఈ కోతలను అంగఛేదనగానే పరిగణించి, వైద్యులు చేయరాదని ఆదేశం ఇచ్చింది. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దానిని మద్రాసు హైకోర్టులో సవాలు చేయగా 2013లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. "కోర్టు అనుమతించింది" అనే మాటకు మూలం ఇదే. కొట్టివేసింది మండలి ఆదేశాన్నే తప్ప, పార్లమెంటు చేసిన చట్టంలోని 11వ సెక్షన్‌ను కాదు. అది ఈ రోజుకీ అమలులో ఉంది.

అయితే ఆ సెక్షన్ కింద మొదటి నేరానికి శిక్ష పది నుంచి యాభై రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే నూరు రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో యాభై రూపాయలకు కొంత విలువ ఉండేదేమో గానీ ఇవాళ ఆ డబ్బుకు మీ పిల్ల చెవికి చుట్టే టేపు కూడా రాదు. జనం కోపానికి సగం కారణం ఈ అంకే. 2016 జులైలో చెన్నైలో వైద్య విద్యార్థులు ఒక కుక్కను మేడ మీద నుంచి విసిరేసిన వీడియో దేశమంతా తిరిగినప్పుడు, ఆ కుక్క ఎముకలు విరిగినా బతికి బయటపడినప్పుడు, అరెస్టయినవారు వెంటనే బెయిలు మీద బయటికి రావడం చూసి అందరూ ఈ యాభై రూపాయల గురించే మాట్లాడారు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామంలో ముసుగులు వేసుకున్నవారు ఇరవై వీధికుక్కలను కాల్చి చంపినప్పుడు మన ప్రాంతంలోనూ అదే చర్చ జరిగింది. ఘోరమైన క్రూరత్వానికి ఒకటి నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి డెబ్బై అయిదు వేల రూపాయల జరిమానా ప్రతిపాదిస్తూ కేంద్రం 2022 నవంబరులో సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. నేను ఇది రాసే నాటికి అది చట్టం కాలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి నేరాలకు గరిష్ఠ శిక్షను 2021లో ఆరు నెలల నుంచి అయిదేళ్లకు పెంచారు.

భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ జంతువును చంపడం, విషం పెట్టడం, వికలాంగం చేయడం వంటివాటికి అయిదేళ్ల వరకు జైలు విధించవచ్చునంటుంది. కానీ అది మరొకరికి నష్టం కలిగించాలనే ఉద్దేశం మీద ఆధారపడిన నేరం కాబట్టి, యజమాని తన కుక్కకే ఇష్టపూర్వకంగా చెవులు కట్ చేయించినప్పుడు అది ఎంతవరకు నిలబడుతుందన్నది వాదనకు తావున్న విషయమే. మీ సహోద్యోగిని అయిదేళ్లు జైలుకు పంపుతామని బెదిరించినవారు ఇంతదూరం ఆలోచించి ఉండరు.

నిజంగా ఫిర్యాదు చేయదలచినవారు తెలుసుకోవలసినవి ఈ చట్టంలోనే రెండు ఉన్నాయి. 31వ సెక్షన్ ప్రకారం అంగఛేదన నేరం పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగినది, అంటే "మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోండి" అని స్టేషన్‌లో తిప్పి పంపడం సరికాదు. 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన నాటి నుంచి మూడు నెలలు దాటితే ఈ చట్టం కింద విచారణ ప్రారంభించడానికి వీలు లేదు. ఎనిమిది నెలల కుక్క నిటారు చెవులతో ఉన్న ఫొటో చూసి ఎంత కోపగించుకున్నా, ఆ గడువు ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. కోత ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, ఏ తేదీన అనేవి ఆ వ్యవధిలోనే ఆధారాలతో చూపాలి. డబ్బు చెల్లించిన రసీదు, "ఇయర్ క్రాపింగ్ ఇంత" అని ధర చెప్పిన వాట్సాప్ సందేశం, గాయం పచ్చిగా ఉన్నప్పుడు తేదీతో తీసిన ఫొటో, వేరే పశువైద్యుడు పరీక్షించి రాసిచ్చిన నోట్, ఇవి వెయ్యి వ్యాఖ్యలకంటే బరువైనవి. చేసినది రిజిస్టర్డ్ పశువైద్యుడైతే రాష్ట్ర పశువైద్య మండలికి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. వైద్యుడు కానివాడు చేస్తే అది మరింత తీవ్రమైన విషయం, ఎందుకంటే 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం వైద్యం చేసే అర్హతనే నమోదుతో ముడిపెట్టింది. జిల్లా జంతు హింస నివారణ సంఘానికి ఒక ప్రతి పంపితే స్టేషన్‌లో మీ కాగితం పక్కన పడిపోకుండా ఉంటుంది.

కోపం తప్పు మనిషి మీదికి వెళ్లడం నేను తరచు చూస్తున్నాను. ఎవరో వదిలేసిన చెవులు కోసిన కుక్కను దత్తత తీసుకున్న అమ్మాయిని పార్కులో నిలదీసి ఏడిపించినవారున్నారు. గడ్డ వల్లో, తెగిన గాయం వల్లో చెవి తీయవలసివచ్చిన కుక్కలుంటాయి; గోడలకు కొట్టుకుని తోక చివర పుండు మానక, చికిత్సగా తోక తగ్గించిన కుక్కలూ ఉంటాయి. పెంబ్రోక్ కార్గీ వంటి కొన్ని జాతుల్లో పుట్టుకతోనే పొట్టి తోకలు వస్తాయి. అన్నిటికంటే విచిత్రమైన సంగతి వీధికుక్కలది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసిన వీధికుక్కను మళ్లీ పట్టుకుపోకుండా గుర్తుపట్టడానికి, అదే మత్తులో చెవి అంచున చిన్న గాటు పెడతారు. జంతు జనన నియంత్రణ నిబంధనల కింద జరిగే పని ఇది. ఆ గాటు చూసి మున్సిపాలిటీ సిబ్బంది మీద విరుచుకుపడినవారికి, తమ ఇంటి డాబర్‌మన్‌కు అంతకు ఎన్నో రెట్లు కోయించినవారి మీద రాని కోపం అక్కడ వచ్చింది.

ఈ కోత మన దగ్గర ఎందుకు ఆగడం లేదంటే, కొనేవారు దానికి అదనపు డబ్బు ఇస్తున్నారు కాబట్టి. నిటారు చెవుల పిల్ల ఫొటోకు గిరాకీ ఎక్కువ, ధర ఎక్కువ. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మరాదని, అమ్మకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలని, పిల్లకు మైక్రోచిప్ ఉండాలని చెబుతున్నాయి. ఎనిమిది వారాలకు పిల్ల మీ చేతికి వచ్చిందంటే చెవుల నిర్ణయం సరిగ్గా మీ చేతిలోకే వచ్చిందన్నమాట. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలకు పరిస్థితి ఇంకొంచెం కష్టం. అక్కడి పశువైద్యుల సంఘం 2008 నుంచి ఈ కోతలను వ్యతిరేకిస్తున్నా చాలా రాష్ట్రాల్లో అవి చట్టబద్ధమే, అక్కడి కెన్నెల్ క్లబ్ వాటిని సమర్థిస్తూనే ఉంది. అక్కడ కొనేవారు ముందే అడిగితే తప్ప తోక ఉన్న పిల్ల దొరకడం కష్టం.

మీ పిల్ల విషయానికి వస్తే, తోకకు ఇప్పుడు చేయగలిగింది లేదు. కోసిన చివర ముట్టుకుంటే ముడుచుకుంటున్నదా, దానిని అదే పనిగా నాకుతున్నదా అని గమనించి, అలా ఉంటే చూపించండి. చెవులను వారానికొకసారి చూడండి; వాసన, గోధుమ రంగు మైల, తల విదిలించడం కనిపిస్తే వైద్యుడు చెప్పిన ద్రావణంతోనే శుభ్రం చేయండి, దూదిపుల్లలు లోపలికి పెట్టకండి. స్నానం తరువాత చెవులు పొడిగా తుడవడం మరిచిపోకండి. అమ్మినాయన "గ్యారంటీ పోతుంది, పేపర్లు (జాతి ధ్రువపత్రాలు) రావు" అని ఒత్తిడి చేస్తే, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగండి; నాకు తెలిసినంతలో ఆ అడగడంతోనే చాలామంది వెనక్కి తగ్గుతారు. మరో పిల్లను తీసుకునే ఆలోచన ఎప్పుడైనా వస్తే, తల్లి కుక్క ఈనకముందే మాట్లాడి, తోక, చెవులు సహజంగా ఉంచితేనే అడ్వాన్సు ఇస్తానని చెప్పండి. పిల్లలు పుట్టిన వారం తరువాత చెప్పినా ఆలస్యమే. మీ సహోద్యోగి గారి పిల్లకు కట్లు ఇంకా ఉన్నాయంటున్నారు కాబట్టి, ఆయనను తిట్టే పని ఇతరులకు వదిలేసి, టేపు కింద చెమ్మ, వాసన ఉన్నాయేమో ఈ రోజే ఎవరికైనా చూపించమని చెప్పండి.